కాళ్ళు లేని పిట్టలు

మా చర్చి స్త్రీల సమాజానికి నేను కార్యదర్శిని. భక్తి చూసి ఇచ్చిన పదవి కాదు, టైపింగు చూసి ఇచ్చారు. గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్తాను. ఫోన్‌లో తెలుగు గబగబా కొట్టగలను. ఈ వారం ప్రార్థన ఎవరింట్లో, పులిహోర ఎవరు తేవాలి, పెరుగు ఎవరు తేవాలి, పోయినసారి పెరుగు తెస్తానని తేనివాళ్ళు ఎవరు, ఇవన్నీ గ్రూపులో పెట్టేది నేనే.

మా అధ్యక్షురాలి భర్తకి చేపల చెరువులున్నాయి, మేత ఏజెన్సీ ఉంది. ఆవిడ మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో మీకు అనుమానం రావచ్చు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా కారు పంపిస్తుంది, ఆసుపత్రిలో పక్కన కూర్చుంటుంది. కాకపోతే ఏ మంచి పని తలపెట్టినా అది వచ్చే ఆదివారానికల్లా అయిపోవాలి. లేకపోతే ఆవిడకి నిద్ర పట్టదు, మమ్మల్ని పోనివ్వదు.

జనవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. చేతివృత్తులు ఎలా అంతరించిపోతున్నాయో వెనక వేణువు వాయిస్తూ ఎవరో చెప్తున్నారు. వీడియో అయ్యేసరికి ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"ప్రతి ఏడూ దుప్పట్లు పంచుతున్నాం. ఈసారి ఒక కళని కాపాడదాం" అంది.

అందరూ సరేనన్నారు. కళని కాపాడటంలో వంట పని లేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు.

"నువ్వు బందరుదానివేగా? కలంకారీ అంటే అక్కడేగా?" అని ఆవిడ నా వైపు తిరిగింది.

అవును, నేను బందరులో పుట్టి పెరిగాను. మా నాన్నగారు అక్కడ పోస్టాఫీసులో గుమాస్తా. ఆయన స్నేహితుడొకాయన ఊరి శివారులో కాలువ గట్టున అద్దకం పని చేసేవారు. చెక్క అచ్చులతో గుడ్డ మీద పువ్వులూ పిట్టలూ అద్దుతారు. చిన్నప్పుడు ఆయన్ని బాబాయిగారనీ, వాళ్ళావిడని పిన్ని అనీ పిలిచేదాన్ని. వాళ్ళ పెరట్లో ఎండబెట్టిన గుడ్డల మధ్య దాక్కుని తన్నులు కూడా తిన్నాను. నాన్నగారు పోయాక రాకపోకలు తగ్గిపోయాయి. బందరు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళినా బస్టాండులోనే బస్సు మారిపోయేదాన్ని. నా బీరువాలో రెండు కలంకారీ జాకెట్లున్నాయి. రెండూ విజయవాడ ఎగ్జిబిషన్‌లో కొన్నవే, రెండూ మిషను మీద కొట్టినవే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కొన్నాను, చవగ్గా వచ్చాయని.

ఆ శనివారమే అధ్యక్షురాలి కారులో ఇద్దరం బందరు వెళ్ళాం.

బాబాయిగారికి డెబ్బై దాటాయి. నడుం కాస్త వంగింది కానీ చెయ్యి వణకడం లేదు. బల్ల మీద గోనె పరిచి, దాని మీద గుడ్డ పరిచి, అచ్చు ముంచి అద్ది, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తున్నారు. చిన్నప్పుడు మా ఇంటిదాకా వినిపించిన చప్పుడే అది. నన్ను చూసి అచ్చు పక్కన పెట్టి, "ఓసి నువ్వా అమ్మాయ్! దారి తప్పావా?" అన్నారు. అందులో దెప్పిపొడుపేమీ లేదు, నాకే గుచ్చుకుంది.

ఆ ఇంట్లో ఒక వాసన ఉంటుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళలో గేదె పాలు కలిపి గుడ్డని ముంచుతారు. పక్కనే కుండలో బెల్లంతో కలిపి తుప్పు పట్టిన ఇనుము నానుతూ ఉంటుంది, నల్ల రంగు కోసం. అలవాటున్నవాళ్ళకి అది వాసనే కాదు. మా అధ్యక్షురాలు మాత్రం చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని, దాని వెనక నుంచే నవ్వుతూ, "మిమ్మల్ని సపోర్ట్ చేద్దామని వచ్చామండీ" అంది.

పిన్ని వంటింట్లోంచి తల బయటికి పెట్టింది. "సపోర్టుకి ఎంతమంది వచ్చారమ్మా? టీ పెట్టాలిగా."

టీ తాగుతూ ఇల్లంతా చూశాను. గ్యాసు బండ మీద ఒక జరీ శాలువా కప్పి ఉంది. కుట్టుమిషను మీద ఒకటి, నీళ్ళ డ్రమ్ము మీద ఒకటి, మూలనున్న పాత ఫ్యాను మీద ఇంకొకటి. ఒక్కొక్కటీ తళతళలాడుతోంది, ఒక్కటీ చేత్తో నేసింది కాదు.

"ఇవన్నీ ఏంటి పిన్నీ?" అన్నాను.

"ఇంతకుముందు సపోర్టుకి వచ్చినవాళ్ళు కప్పి వెళ్ళారు. దుమ్ము పడకుండా బానే పనికొస్తున్నాయి. వెచ్చదనం మాత్రం ఉండదు" అంది పిన్ని.

అధ్యక్షురాలు విషయంలోకి వచ్చింది. స్త్రీల ఆదివారం నాడు మా సమాజంలో నలభై మందీ ఒకే రకం కలంకారీ చీరలు కట్టుకుని వరసగా నిలబడి పాట పాడాలి. చీర మీద ద్రాక్షతీగ ఉండాలి, తీగ మీద పావురం ఉండాలి. నలభై చీరలూ ఒకే రంగులో, వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. వాసన రాకూడదు. ఇస్త్రీ అక్కర్లేకపోతే మరీ మంచిది. మూడు వారాల్లో కావాలి.

బాబాయిగారు అన్నీ శ్రద్ధగా విన్నారు. లేచి అటక మీంచి ఒక అచ్చు దించి, తుడిచి మా ముందు పెట్టారు. నల్లగా నిగనిగలాడుతున్న పాత టేకు చెక్క. "ద్రాక్షతీగ ఉందమ్మా. మా తాతగారి నాటిది, ఓడల్లో వెళ్ళే గుడ్డలకి వేసేవాళ్ళంట. పిట్ట కూడా ఉంది. చిలకో పావురమో మా తాతగారు చెప్పలేదు, మేం అడగలేదు. మీరు పావురం అనుకోండి. కానీ మూడు వారాలంటే కుదరదు. రెండు నెలలు పడుతుంది."

"రెండు నెలలా? ఇంకో నలుగురిని పెట్టుకోండి, మేం చూసుకుంటాం."

"అద్దడానికి మనుషులు దొరుకుతారమ్మా. అద్దాక కాలువలో పారే నీళ్ళలో ఉతకాలి, ఎండాలి, ఉడకాలి, మళ్ళీ ఉతకాలి, మళ్ళీ ఎండాలి. ఇది మంచు కాలం. ఎండకి బదులు మనిషినెక్కడ పెట్టను?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. ఎండ సంగతి చూసేవాళ్ళెవరైనా తెలిసి ఉంటే అప్పుడే ఫోన్ చేసేదే.

"సరే, నమూనా చూపించండి, సమాజంలో మాట్లాడతాం" అంది.

బాబాయిగారు ఒక గుడ్డముక్క పరిచి ద్రాక్షతీగ అద్దారు. దాని మీద పిట్టని అద్దారు. ఎంత అందంగా వచ్చిందో! నేను గబుక్కున ఫోన్ తీసి ఫొటో కొట్టాను.

"ఆగమ్మా, ఇంకా అవలేదు" అంటూ ఆయన వెదురుపుల్ల కోసం చెయ్యి చాచారు.

ఈలోపు అధ్యక్షురాలికి చెరువు దగ్గర్నుంచి ఫోనొచ్చింది, మేత లారీ ఎక్కడో దిగబడిందని. ఆవిడ లేచింది, ఆవిడతో పాటు నేనూ లేచాను. కారెక్కకముందే ఫొటో గ్రూపులో పెట్టేశాను. గుడ్లవల్లేరు దాటేసరికి ముప్పై మంది చేతులు జోడించిన బొమ్మలూ గుండె బొమ్మలూ పెట్టేశారు.

రెండు నెలలన్న మాట మాత్రం సమాజానికి నచ్చలేదు. స్త్రీల ఆదివారాన్ని వెనక్కి జరపడం మా చేతిలో లేదు. మూడోరోజు అధ్యక్షురాలు నన్ను గుడివాడలో ఒక బట్టల దుకాణానికి తీసుకెళ్ళింది. యజమాని ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసి, "ఇదెంతలో పనండీ! కంప్యూటర్‌లో పెట్టి స్క్రీన్ తీయిస్తాను, పది రోజుల్లో నలభై చీరలూ ఇంటికి పంపిస్తాను. ఉతికినా రంగు పోదు, ముడత పడదు" అన్నాడు.

"అది ఆయన డిజైనండీ" అన్నాను. గట్టిగా అనలేదు. ఇప్పుడు రాసేటప్పుడు గట్టిగా అన్నానని రాసుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ అనలేదు.

అధ్యక్షురాలు నొచ్చుకుంది. "ఆ మాత్రం నాకు తెలీదా? అందుకే కదా ఆయన్నే ముఖ్య అతిథిగా పిలుద్దామనుకుంటున్నాను! పెద్ద బ్యానర్ కట్టిద్దాం. ఇంతమంది మధ్య గౌరవం దొరికితే ఆయనకి ఎంత ప్రోత్సాహం!"

ఆవిడ నిజంగానే అలా అనుకుంది. నాకు అదే ఆశ్చర్యం. ఇంకో ఆశ్చర్యం ఏమిటంటే, దుకాణంలోంచి బయటికి వచ్చేసరికి నాకూ అది సబబుగానే అనిపించింది. ఆహ్వానం నేనే టైపు చేశాను. 'అంతరించిపోతున్న కళకు మన చేయూత' అని పైన పెట్టాను. ఎరుపు అక్షరాలు పెట్టానని కూడా గుర్తుంది.

బాబాయిగారికి ఫోన్ చేశాను. "చీరల సంగతేమైందమ్మా? గుడ్డ నానబెట్టమంటావా?" అన్నారు.

"దాని గురించి తర్వాత మాట్లాడదాం బాబాయిగారూ. ముందు మీరు ఫంక్షన్‌కి రండి, పిన్నిని కూడా తీసుకురండి."

"సరేలేమ్మా" అన్నారు. పిలిచింది నేను కదా, ఇంకేమీ అడగలేదు.

స్త్రీల ఆదివారం మధ్యాహ్నం మూడింటికి సభ. బ్యానర్ మీద మా అధ్యక్షురాలి ఫొటో పెద్దది, మా పాస్టరు అయ్యగారిది కొంచెం చిన్నది, ఒక చెక్క అచ్చు బొమ్మ ఇంటర్నెట్‌లోంచి తీసింది. బాబాయిగారూ పిన్నీ బందరు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చారు. ఆయన తెల్ల పంచె కట్టుకుని, మడత నలగని చొక్కా వేసుకున్నారు. గుమ్మంలో నిలబడి స్వాగతం పలుకుతున్న పన్నెండుమందిని దాటుకుంటూ లోపలికి వచ్చారు. పన్నెండుమంది ఒంటి మీదా ఆయన ద్రాక్షతీగే. ఆయన అడుగు ఒక్క క్షణం ఆగింది. పిన్ని ఆగలేదు, నేరుగా నన్ను చూసింది. నేను కుర్చీలు సర్దుతున్నట్టు వంగాను.

వేదిక మీద కూర్చోబెట్టారు. అధ్యక్షురాలు మాట్లాడింది. మన కళ, మన చేతులు, మన సంస్కృతి. కలంకారీని మనం కట్టుకుంటేనే కళాకారుడు బతుకుతాడంది. నలభై మందీ చప్పట్లు కొట్టారు. తర్వాత నలభై మందీ వరసగా నిలబడి పాట పాడారు. ఒకే రంగు, వెంట్రుకవాసి తేడా లేదు. ఆ తర్వాత బాబాయిగారికి శాలువా కప్పారు. మెరిసే నీలం రంగు శాలువా. పిన్ని దాని అంచు పట్టుకుని బట్ట చూసి వదిలేసింది. బహుశా ఇంట్లో ఇంకా ఏ వస్తువు మీద కప్పనిది మిగిలిందో లెక్కేసుకుని ఉంటుంది.

"ఇప్పుడు పెద్దాయన మనకోసం రెండు మాటలు చెప్తారు" అని మైకు చేతికిచ్చారు.

ఆయనకి మైకు అలవాటు లేదు. దూరంగా పట్టుకుని, ముందు వరసలో ఉన్న చీరల వైపు చాలాసేపు చూశారు. అందరూ ఆయన భావోద్వేగంలో ఉన్నారనుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి.

"అందరికీ నమస్కారమండీ. పిలిచి గౌరవించారు, సంతోషం. ఒక్కమాట చెప్పాలి, ఏమీ అనుకోకండి. మీ పిట్టలకి కాళ్ళు లేవండీ."

ఆయన మైకు ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"మా తాతగారి అచ్చు ఎప్పుడో కిందపడి పిట్ట కాళ్ళ దగ్గర ముక్క ఊడిపోయిందండీ. అప్పట్నుంచీ పిట్టని అచ్చుతో అద్ది, కాళ్ళు మాత్రం వెదురుపుల్లతో చేత్తో గీస్తాం. మా నాన్నగారు గీశారు, నేను గీస్తున్నాను. ఆ వేళ మీకు చూపించినప్పుడు ఇంకా గీయలేదు. అమ్మాయితో చెప్పాను, అవలేదమ్మా అని. తను తొందర్లో ఉంది."

నలభై మందీ పైటచెంగులు చేతుల్లోకి తీసుకుని చూసుకున్నారు. చీరకి ఎన్ని పిట్టలుంటాయో నేను చెప్పలేను. ఒక్కదానికీ కాళ్ళు లేవు. ద్రాక్షతీగకి అంగుళం ఎత్తున గాల్లో వేలాడుతున్నాయి. వారం రోజుల నుంచి ఆ చీరల్ని ఉతికి, ఆరేసి, ఫాల్స్ కుట్టుకుని, అద్దంలో చూసుకున్న ఏ ఒక్కరికీ కనపడలేదు. వెనక బల్లల్లో ఎవరి పిల్లలో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పాకింది.

అయ్యగారు చురుకైన మనిషి. చటుక్కున మైకు అందుకుని, "పావురం ఎగిరేటప్పుడు కాళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. ఇవి ఎగురుతున్న పావురాలు. ప్రార్థన చేసుకుందాం, అందరూ కళ్ళు మూసుకోండి" అన్నారు. నాకు తెలిసినంతలో మా చర్చిలో అంత త్వరగా కళ్ళు మూసుకున్న ప్రార్థన అదొక్కటే.

బిర్యానీ దగ్గర అధ్యక్షురాలు దుకాణం యజమానిని ఫోన్‌లో కడిగేసింది. తర్వాత బాబాయిగారి దగ్గరికి వచ్చి, "వీటికి మీరే కాళ్ళు గీసి పెట్టగలరాండీ?" అని అడిగింది. ఆయన ఆవిడ చెంగు అంచుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఈ గుడ్డ నీళ్ళే తాగదమ్మా, నా రంగేం తాగుతుంది?" అన్నారు.

నేను పిన్ని పక్కన కూర్చున్నాను. తను, "ఫొటో నీ ఫోన్‌లోంచే వెళ్ళిందా?" అంది.

"అవును పిన్నీ."

"మీ నాన్న ఉంటే చెవి మెలిపెట్టేవాడు."

"నువ్వు మెలిపెట్టు."

"తింటున్నా కదే. తర్వాత" అంది.

మరుసటి శనివారం ఒక్కదాన్నే బస్సెక్కి బందరు వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో కూడగట్టుకున్నాను. తీరా వెళ్ళాక క్షమించమన్న మాట తప్ప ఏదీ గుర్తురాలేదు.

బాబాయిగారు అద్దుతూనే అన్నారు. "మా అచ్చుల్ని చూసి నకళ్ళు కొట్టుకోవడం కొత్తేమీ కాదమ్మాయ్. నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. కానీ కాళ్ళు లేకుండా కొట్టారు చూడు, అదీ నా బాధ. రేపు చూసినవాళ్ళు నేనే అలా వేశాననుకుంటారు."

"నాకో చీర కావాలి బాబాయిగారూ. కాళ్ళున్నది. ఎన్ని రోజులైనా పర్లేదు."

"ఒక్క చీర" అంది పిన్ని గుమ్మంలోంచి. "మంచి సపోర్టే."

నా ముఖం మాడిపోయింది. అయినా ఆ ఒక్క చీరకే ఆయన గుడ్డ నానబెట్టారు. నేను ప్రతి శనివారం వెళ్ళడం మొదలుపెట్టాను. మొదట్లో తప్పు చేసినందుకని వెళ్ళాను, తర్వాత ఊరికే వెళ్ళాను. నల్ల రంగు అద్దారు, ఎర్ర రంగు పట్టాల్సిన చోట పటిక నీళ్ళు అద్దారు. ఇక కాలువలో ఉతకాలనగా, ఏప్రిల్లో కాలువలు కట్టేశారు. మా వైపు ప్రతి ఎండాకాలం ఉన్నదే. నీళ్ళు లేని కాలువలో పని లేదు. నా చీర మడతపెట్టి పెట్టెలో పెట్టేశారు.

ఆ పిట్టలు మాత్రం నీళ్ళ కోసం ఆగలేదు.

మొదట గుడివాడ కూరగాయల మార్కెట్లో చూశాను, ఒకావిడ నైటీ మీద. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాను. అదే ద్రాక్షతీగ, పైన గాల్లో అదే పిట్ట. దుకాణం యజమానికి స్క్రీన్ మిగిలింది కదా, ఊరికే ఎందుకుంచుతాడు? వారం తిరిగేసరికి మా వీధిలోనే మూడు నైటీలు. కాలేజీలో అటెండరు బల్ల మీద గుడ్డ. మేలో ఒక సహోద్యోగి కూతురి పెళ్ళికి అవనిగడ్డ వెళ్ళాం. మోపిదేవిలో లాడ్జి తీసుకున్నారు. తలుపు తీయగానే కిటికీ తెర మీద పిట్టలు, దిండు గలీబు మీద పిట్టలు. ఒక్కదానికీ కాళ్ళు లేవు. గుడికి వచ్చిన యాత్రికులు ఆ దిండ్ల మీద హాయిగా గుర్రుపెడుతూ ఉంటారని ఊహించుకుని మంచం మీద కూలబడ్డాను.

"బావుంది కదండీ ప్రింటు! బందరు పిట్టంట. బాగా ఫేమస్సు. నేనూ ఒక దుప్పటి తీసుకున్నాను" అంది సహోద్యోగి.

నేను దిండు మీద నా తువ్వాలు పరుచుకున్నాను.

ఆ నెల చివర్లో నేను బాబాయిగారింట్లో ఉండగానే హైదరాబాదు నుంచి ఒక జంట వచ్చింది. ఇద్దరూ ముతక ఖాదీ బట్టల్లో ఉన్నారు, చేతిలో జనపనార సంచి. ఎంతో గౌరవంగా చెప్పులు వాకిట్లో విడిచి వచ్చి కింద కూర్చున్నారు. అసలైన కళాకారుడి దగ్గరే కొనాలని వెతుక్కుంటూ వచ్చామన్నారు. బాబాయిగారికి ముఖం వెలిగింది. ద్రాక్షతీగ దుప్పటి తీసి పరిచారు. ఎరుపు మీద నలుపు, పిట్టలన్నీ తీగ మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

వచ్చినాయన వంగి పరీక్షగా చూశాడు. భార్య చెవిలో ఏదో అన్నాడు. తర్వాత చాలా మర్యాదగా, "ఏమీ అనుకోకండి. ఒరిజినల్ బందరు పిట్టకి కాళ్ళుండవు కదండీ? మేం కొంచెం చదువుకుని వచ్చాం. ఇది కాపీనా?" అని అడిగాడు.

నేను లేచి ఉన్న సంగతంతా చెప్పబోయాను. బాబాయిగారు చేత్తో ఆపారు.

"కాళ్ళు లేనిది గుడివాడలో దొరుకుతుందండీ" అని, దుకాణం ఏ వీధిలో ఉందో, ఏ మలుపు తిరగాలో వివరంగా చెప్పారు. వాళ్ళు చేతులు జోడించారు. ఆయనతో ఒక ఫొటో దిగి వెళ్ళిపోయారు.

పిన్నే అంది. "మనం కూడా కాళ్ళు తీసేద్దాం. పని తగ్గుద్ది, అమ్ముడూ పోద్ది."

ఆయన దుప్పటి మడత పెడుతున్నారు. ఆ మాట ఆయన ఒక్క క్షణం నిజంగానే ఆలోచించారని నాకు అనిపించింది. అది చూడటం నాకు చాలా కష్టమైంది.

"నా చెయ్యి ఆగదులేవే" అన్నారు చివరికి. "అద్దగానే అదే పుల్ల కోసం వెళ్ళిపోద్ది."

ఇంటికొచ్చి అధ్యక్షురాలికి ఫోన్ చేశాను. ఈసారి గట్టిగానే చెప్పాను. నైటీల సంగతి, లాడ్జి దిండ్ల సంగతి, హైదరాబాదు వాళ్ళ సంగతి. ఆవిడ ఎప్పుడూ మాట మధ్యలో అందుకుంటుంది, ఆ రోజు అందుకోలేదు.

"మన వల్లేగా?" అంది.

"మన వల్లే. ముందు నా వల్ల."

మరుసటి రోజు తనే కారు వేసుకుని బందరు వెళ్ళింది. ముక్కు దగ్గర చేతిరుమాలు పెట్టుకోలేదని పిన్ని తర్వాత నాకు ప్రత్యేకంగా చెప్పింది. ఆవిడ నలభై చీరలకీ ముందే మాట ఇచ్చేయబోతే పిన్నే ఆపిందట. "ముందు కట్టుకునేవాళ్ళని అడిగి రామ్మా. అందరికీ కలిపి నువ్వే కొనేస్తే మళ్ళీ బీరువాల్లోకే" అందట.

అడిగాం. గ్రూపులో నేనే పెట్టాను. వాసన ఉంటుంది, ఉతికేకొద్దీ పోతుంది. రెండు చీరలు ఒకేలా ఉండవు. ఇస్త్రీ కావాలి. ఎప్పటికవుతాయో చెప్పలేం. ఈ నాలుగు మాటలకీ ఎవరూ చేతులు జోడించిన బొమ్మ పెట్టలేదు. రెండు రోజులకి పదకొండు మంది సరేనన్నారు. మిగిలినవాళ్ళు కళ మీద తమకెంతో గౌరవమని రాశారు.

పదకొండుమందికి తోడు అధ్యక్షురాలు. నీళ్ళొచ్చేలోపు అందరి గుడ్డలూ అద్ది పెట్టెలో పెట్టారు బాబాయిగారు. ఆవిడ రోజూ నాకు ఫోన్ చేసి కాలువ గురించి అడిగేది. "ఇరిగేషన్‌లో మావారికి తెలిసినవాళ్ళున్నారు. ఒక్క రెండు రోజులు కొంచెం నీళ్ళు వదలమంటే వదలరా?"

"చీరల కోసమాండీ?"

"చేపల కోసం అడిగితే వదిలారు ఒకసారి" అంది. తర్వాత తనే నవ్వేసింది. ఆవిడ తన మీద తను నవ్వుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

వానలు ఆలస్యమయ్యాయి. ఒక పొద్దున్న కాలేజీకి బయల్దేరుతుంటే బాబాయిగారు ఫోన్ చేసి, "నీళ్ళొచ్చాయమ్మాయ్" అన్నారు. ఇంకేమీ అనలేదు. నేను సెలవు పెట్టేశాను.

నేనూ అధ్యక్షురాలూ వెళ్ళేసరికి కాలువ ఇంకా బురదగా ఉంది, కొత్త నీళ్ళలో గడ్డీ గాదం కొట్టుకొస్తున్నాయి. రెండు రోజులాగితే తేరుకుంటుందన్నారు. ఆగాం. మూడోరోజు నడుం దాకా నీళ్ళలోకి దిగాను. అద్దకం గుడ్డని పారే నీళ్ళలో వదులుగా వదిలి పట్టుకుని ఉండాలి. రుద్దకూడదు, పిండకూడదు, ఎక్కడా మడత పడనివ్వకూడదు. అక్కర్లేని రంగుని నీళ్ళే తీసుకుపోతాయి. చెప్పినంత సులువు కాదు. తడిసిన గుడ్డ మనిషిని లాక్కుపోతుంది. పిన్ని ఎగువన నిలబడి, "మోచెయ్యి ఎత్తు! ఎత్తు! ఇంగ్లీషు ఎలా చెప్తావే నువ్వు?" అని కేకలేస్తోంది.

అధ్యక్షురాలు గట్టు మీద నిలబడి చూసింది, చూసింది. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ దిగింది. బాబాయిగారు ఒక గుడ్డ కొస ఆవిడ చేతికిచ్చారు. అది ఎవరి చీరో కూడా తెలీదు, ఆవిడది మాత్రం కాదు.

"ఎంతసేపు పట్టుకోవాలండీ?"

"నీళ్ళు తేటగా వచ్చేదాకా అమ్మా."

"అంటే ఎంతసేపు?"

"చూస్తూ ఉండండి, మీకే తెలుస్తుంది."

వంతెన మీద పెడన బస్సు ఆగింది, ఎదురుగా ట్రాక్టరు వస్తోందని. కిటికీలోంచి ఒక పెద్దాయన తల బయటికి పెట్టి, నీళ్ళలో నిలబడ్డ మా వరసంతా చూసి, "చేపలేమన్నా పడ్డాయా అమ్మా?" అని అరిచాడు.

"ఇంకా లేదండీ" అంది అధ్యక్షురాలు, గుడ్డ మీంచి చూపు తిప్పకుండా.